పిడికెడు పప్పు, గిన్నెడు చారు

పప్పును నీటిలో ఉడికించి, ఆ నీటినే ఆహారంగా మలచుకునే వంటకాలు తెలుగు ఇళ్లలో ఒకటికి నాలుగు ఉన్నాయి. ఉడికిన పప్పు మీద తేరిన నీటిని వంచితే అది కట్టు. ఆ కట్టుకు పులుపు, ఉప్పు, కారం చేర్చి మరిగించి పోపు పెడితే కట్టుచారు. నీటిని వంచకుండా పప్పునంతా మెత్తగా మెదిపి, చింతపండు రసంతో పలుచన చేసి కాస్తే పప్పుచారు. ఉలవలను గంటల తరబడి ఉడికించి, వడకట్టిన నీటిని చిక్కబడే దాకా కాగబెడితే ఉలవచారు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో వారానికి కనీసం రెండు మూడు పూటలు వీటిలో ఏదో ఒకటి పొయ్యి మీదికి ఎక్కని ఇల్లు అరుదు. ఇవన్నీ చౌక వంటకాలనే పేరు తెచ్చుకున్నాయి గానీ, ఆ చౌకతనం దానంతట అది రాదు. పప్పు ధరతో పాటు గ్యాసు ఖర్చునూ, గిన్నెలోంచి కంచంలోకి చేరే పోషణనూ కలిపి లెక్క చూసినప్పుడు, ఒకే గుప్పెడు పప్పు ఒక ఇంట్లో పొదుపుగానూ మరో ఇంట్లో దుబారాగానూ తేలుతుంది, ఈ తేడా అంతా ఏది ముందు, ఏది తరువాత వేయాలో తెలియడంలోనే ఉంది.

ఈ నేలకు పప్పుధాన్యాలతో ఉన్న సంబంధం చాలా పాతది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలలోని నవీన శిలాయుగ స్థావరాలలో, అంటే మనుషులు రాతి పనిముట్లతోనే సేద్యం మొదలుపెట్టిన కాలపు ఊళ్లలో, నాలుగు వేల ఏళ్లకు పూర్వపు ఉలవ గింజలు, పెసర గింజలు కాలిన రూపంలో పురాతత్వవేత్తలకు దొరికాయి. దక్కన్‌లో వరి కంటె ముందు పొయ్యి ఎక్కినవి ఉలవలు, పెసలు, కొన్ని చిరుధాన్యాలు. కాకతీయుల కాలపు ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం, వినుకొండ వల్లభరాయుని పేరుతో ప్రచారంలో ఉన్న వీథినాటకం, ఆ నగరంలోని ఒక పూటకూళ్ల ఇంట, అంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఇంట, ఒక రూకకు ఏమేమి వడ్డించేవారో చెబుతుంది. గోధుమపిండి వంటకం, పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు ఉన్న ఆ జాబితాలో పెసరపప్పు కూడా ఉంది. ఆ పద్యంలో చారు ప్రస్తావన లేదు. ఉండి ఉన్నా అది నేటి చారులా ఉండేది కాదు, ఎందుకంటే మిరపకాయ, టమాటా రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకంతో 16వ శతాబ్దంలో, ఆ తరువాతే ఈ దేశపు వంటలలోకి వచ్చాయి. అంతకు ముందు కారానికి మిరియాలే దిక్కు. కాకతీయులు తొలినాళ్లలో సామంతులుగా ఉన్న కల్యాణి చాళుక్య రాజ్యంలో, మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్పించిన మానసోల్లాసం అన్నభోగ ప్రకరణంలో పప్పుల వంటకు ఇంగువ, పసుపు, సైంధవ లవణం చెప్పింది. ఆ మూడింటిలో ఏదీ నేటికీ వంటింటి పోపుల పెట్టెను విడిచిపోలేదు.

పప్పు పంటకు ఓరుగల్లు పేరు అక్షరాలా అంటుకునే ఉంది. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన కంది రకం డబ్ల్యూఆర్‌జి-65కు రుద్రేశ్వర అని పేరు పెట్టారు; 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయి స్తంభాల గుడిలోని దేవుడే ఆ రుద్రేశ్వరుడు. అదే కేంద్రం నుంచి వచ్చిన పెసర రకాలలో డబ్ల్యూజిజి-37 పేరు ఏకశిల, అంటే ఓరుగల్లే; డబ్ల్యూజిజి-42 పేరు యాదాద్రి. వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది, అంటే ఆ పేరును ఆ ప్రాంతపు పంటకు తప్ప మరో చోటి సరుకుకు వాడుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇంత పంట చుట్టూ ఉన్నా భారతదేశం పప్పుధాన్యాల ఉత్పత్తిలో, వాడకంలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంటూనే దిగుమతిలోనూ ముందుంటుంది కాబట్టి, వానలు తేడా కొట్టిన ఏడాది కందిపప్పు ధర మధ్యతరగతి ఇంటిని కూడా ఆలోచింపజేస్తుంది. అటువంటి ఏడాదిలో ముద్దపప్పు కంటె చారు వైపు మొగ్గు చూపడం తెలివైన పనే.

అసలు విషయం పప్పు ఉడకడంలో ఉంది. పప్పు గింజ లోపల పిండి పదార్థం, మాంసకృత్తులు చిన్న చిన్న కణాలలో నిండి ఉంటాయి. ఆ కణాల గోడలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పదార్థం పేరు పెక్టిన్. జామకాయ జెల్లీ గట్టిపడేది కూడా ఈ పెక్టిన్ వల్లనే. వేడి నీటిలో పెక్టిన్ కరిగితే కణాలు విడిపోతాయి, పప్పు మెత్తబడుతుంది, గుత్తితో మెదిపితే చారు అంతటా కలిసిపోతుంది. పెక్టిన్ కరగకుండా అడ్డుపడేవి ప్రధానంగా రెండు. మొదటిది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం; ఇవి పెక్టిన్‌తో కలిసి దానిని మరింత గట్టిపరుస్తాయి. బోరు నీళ్లలో పప్పు ఉడకదని ఊళ్లలో ఆడవాళ్లు చెప్పే మాటకు ఆధారం ఇదే, ఎందుకంటే తెలంగాణలోని రాతి నేలల గుండా ఇంకిన బోరు నీరు చాలా చోట్ల కఠినజలం, అంటే ఈ లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీరు. వడ్డేపల్లి, ధర్మసాగర్ వంటి చెరువుల నీటిని శుద్ధి చేసి నల్లాలలో వదిలే కాలనీలలో ఈ చిక్కు అంతగా ఉండదు. బోరు మీద ఆధారపడిన ఇంటివారు పప్పు వరకైనా నల్లా నీటిని గాని, తాగడానికి తెచ్చుకునే నీటిని గాని వాడుకుంటే గ్యాసు కలిసివస్తుంది.

రెండవ అడ్డంకి పులుపు. పుల్లటి నీటిలో పెక్టిన్ కరగడం బాగా మందగిస్తుంది. చింతపండు రసాన్నో టమాటా ముక్కలనో పప్పుతో పాటే గిన్నెలో పడేసి, ఎంతసేపటికీ బద్దలు విరగడం లేదని పప్పును నిందించే అలవాటు కొత్తగా వంట మొదలుపెట్టిన ఇళ్లలో తరచుగా కనిపిస్తుంది. పప్పు వేళ్ల మధ్య నలిపితే వెన్నలా జారే దాకా పులుపు దగ్గరికి రాకూడదనేది చారు కాచడంలో మొదటి నియమం. దీనిని పాటించిన ఇంట్లో మిగతా పొరపాట్లు చాలా వరకు సర్దుకుపోతాయి. ఉప్పు విషయంలో మాత్రం పెద్దల మాటకు కొంత సవరణ అవసరం. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదనే నమ్మకం గట్టిగా పాతుకుపోయి ఉన్నా, ఉప్పులోని సోడియం పెక్టిన్‌లోని కాల్షియాన్ని తొలగించి తాను ఆ స్థానంలోకి చేరుతుంది కాబట్టి, చిటికెడు ఉప్పు వేసిన నీటిలో నానిన గింజలు మరింత త్వరగా మెత్తబడతాయి. వంటసోడా కూడా పప్పును వేగంగా ఉడికిస్తుంది గానీ, అది బి1 విటమిన్‌ను నాశనం చేసి, చారుకు సబ్బు వాసనలాంటి రుచి తెస్తుంది. దానిని పూర్తిగా మానుకోవడమే మంచిది.

పప్పు వయసు కూడా లెక్కలోకి వస్తుంది. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న పప్పు లోపల రసాయనికంగా మారి, ఎంత ఉడికించినా గట్టిగానే మిగిలే స్థితికి వస్తుంది. కిలోకు పది రూపాయలు తక్కువ అని తెచ్చిన పాత సరుకు, పొయ్యి మీద అంతకు మించిన గ్యాసును తినవచ్చు. నానబెట్టడం ఈ ఖర్చును తగ్గించే అతి సులభమైన ఉపాయం: కందిపప్పుకు అరగంట చాలు, శనగపప్పుకు గంటన్నర, ఉలవలకు ఒక రాత్రంతా కావాలి. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి బయటికి పోకుండా ఒత్తిడి పెరగడం వల్ల నీరు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి, విడి గిన్నెలో నలభై నిమిషాలు పట్టే కందిపప్పు మూడు నాలుగు విజిళ్లలో పని ముగిస్తుంది. పప్పు నురగ కట్టడానికి అందులోని సాపోనిన్లు అనే సబ్బు గుణం గల పదార్థాలు, కొన్ని మాంసకృత్తులు కారణం. ఆ నురగ కుక్కర్ ఆవిరి గొట్టంలో చేరితే ప్రమాదం కాబట్టి కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు, ఒక చెంచా నూనె వేస్తే నురగ అణుగుతుంది.

ఐదుగురు ఉన్న ఇంటికి పప్పుచారు కొలత ఈ విధంగా ఉంటుంది. వంద గ్రాముల కందిపప్పును కడిగి నానబెట్టి, మూడింతల నీటితో, చిటికెడు పసుపు, చెంచా నూనెతో మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో బద్ద కనిపించకుండా మెదపాలి. మరోవైపు పెద్ద గిన్నెలో ముక్కలుగా కోసిన ఉల్లిగడ్డ, మునక్కాయ, ఆనిగెపుకాయ లేదా ముల్లంగి, ఇంట్లో ఏది ఉంటే అది, పచ్చిమిరపకాయలతో కలిపి సగానికి ఉడికించాలి. కూరగాయ మార్కెట్లో చవకగా దొరికిన ముక్కకు ఇక్కడ గౌరవం దక్కుతుంది. ముక్క అలా సగం ఉడికాక, చిన్న నిమ్మకాయంత చింతపండును నానబెట్టి పిండిన రసం పోసి, పచ్చి వాసన పోయే దాకా ఐదారు నిమిషాలు మరిగించి, అప్పుడు మెదిపిన పప్పును, ఉప్పును, కారాన్ని చేర్చి, మొత్తం లీటరుంబావు అయ్యేలా నీళ్లు సర్దాలి. పప్పు చేరిన తరువాత పది నిమిషాలు సన్నని సెగ మీద కాగితే చాలు. ఈ లెక్కన పప్పు బరువుకు పన్నెండు రెట్లు చారు వస్తుంది.

పోపును చివర పెట్టడానికి కారణం రుచి ఒక్కటే అనుకోరాదు. ఎల్లిపాయ, జీలకర్ర, ఇంగువ, కల్యమాకుల వాసనకు మూలమైన పదార్థాలు నీటిలో కంటె నూనెలో బాగా కరుగుతాయి, ఆవిరితో పాటు త్వరగా ఎగిరిపోతాయి. రెండు చెంచాల వేడి నూనెలో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, మెంతులు, దంచిన ఎల్లిపాయ, ఎండుమిర్చి, కల్యమాకు వరుసగా వేసి, ఆ నూనెను చారులోకి వంచి వెంటనే మూత పెడితే, అంత తక్కువ దినుసు కూడా గిన్నెంతా పరచుకుంటుంది. మూత తీసి మళ్లీ పది నిమిషాలు మరిగిస్తే వాసన వీధిలోకి పోతుంది, చారులో మిగలదు. ఎండుమిర్చి విషయంలో వరంగల్‌కు ఒక సొంత సౌకర్యం ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిరప, ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే రకాలలో విలక్షణమైనది, లావుగా ఉండి ముదురు ఎరుపునిస్తూ ఘాటు తక్కువగా ఉండటం వల్ల, పిల్లలు తినే పప్పుచారుకు రంగు రావడానికి కారం పెంచవలసిన పని లేకుండా చేస్తుంది.

పులుపు కోసం ఏడాది పొడుగునా చింతపండునే కొనడం తప్పనిసరి కాదు. ఎండలు ముదిరే వేళకు చింతచిగురు, ఆ వెంటనే పచ్చి మామిడికాయ, వానలు పడ్డాక పుంటికూర, చలికాలంలో చవకగా దొరికే టమాటా, ఎప్పుడైనా ఒక నిమ్మకాయ: ఋతువు మారినప్పుడల్లా పులుపు మార్చే ఇళ్లలో అదే పప్పుచారు ప్రతిసారీ వేరే వంటకంగా తోస్తుంది. నిమ్మరసం మాత్రం దించిన తరువాతే పిండాలి, మరిగితే చేదెక్కుతుంది.

కట్టుచారు కథ వేరు. ఉగాదికి, పెళ్లిళ్లకు, పెద్దల పండుగలకు భక్ష్యాలు, అంటే తెలంగాణ ఇళ్లలో పోలెలు, బచ్చాలు అని పిలిచే పూర్ణం పొదిగిన తీపి రొట్టెలు చేసేటప్పుడు, శనగపప్పును బద్ద విరగని పదునుకు ఉడికించి నీటిని పూర్తిగా వంచెయ్యాలి, లేకపోతే పూర్ణం జారుగా తయారవుతుంది. ఆ వంచిన నీరే కట్టు. పప్పులోంచి జారిన పిండి పదార్థం, ఖనిజ లవణాలు, నీటిలో కరిగే బి విటమిన్లు అందులో ఉంటాయి. కాలువలో పారబోస్తే పండుగ పూట ఇల్లు తన పోషణను తానే పారబోసుకున్నట్టవుతుంది. చింతపులుసు, కొద్దిగా బెల్లం, ధనియాలు జీలకర్ర వేయించి కొట్టిన పొడి, ఒక చెంచా పూర్ణం కూడా కలిపి మరిగించి ఎల్లిపాయ పోపు పెడితే, తీపి తిన్న నోటికి ఎదురుగా నిలిచే పులుసు తయారవుతుంది, మరునాటికి దాని రుచి ఇంకా కుదురుతుంది. కన్నడ ఇళ్లలోని హోళిగె సారు, మరాఠీల కటాచీ ఆమ్టీ దీనికి సోదరులు. భక్ష్యం ఎక్కడికి వెళ్తే కట్టుచారు దాని వెంట అక్కడికి వెళ్లింది. అయితే కట్టులోనే పప్పు సత్తువ అంతా దిగిపోతుందన్న నమ్మకం సరికాదు. మాంసకృత్తులలో అధిక భాగం బద్దలోనే ఉంటుంది. పండుగనాడు బద్ద పూర్ణంగా కడుపులోకే పోతుంది కాబట్టి నష్టం లేదు. మామూలు రోజున పప్పును పెద్దలకు పెట్టి, పిల్లవాడికి పైన తేరిన నీటిని అన్నంలో కలిపి సరిపెట్టడం మాత్రం తల్లులు మానుకోవలసిన అలవాటు. పళ్లు రాని బిడ్డకు కూడా పప్పును మెత్తగా మెదిపి, పేస్టులా చేసి పెట్టడమే సరైనది.

రోగికి పెట్టే పెసరకట్టు విషయానికి వస్తే, దాని వెనుక పెద్ద సంప్రదాయమే ఉంది. ఆయుర్వేదం పప్పుధాన్యపు రసాన్ని యూషం అంటుంది. ఉప్పు, నూనె, మసాలా ఏదీ వేయనిది అకృత యూషం, అవన్నీ చేర్చి సంస్కరించినది కృత యూషం. చికిత్సతో జీర్ణశక్తి తగ్గిన మనిషికి ముందు జావ, తరువాత అకృత యూషం, ఆపైన కృత యూషం, చివరికి పూర్తి భోజనం అనే క్రమాన్ని చరక సంహిత నిర్దేశించింది, పప్పులలో పెసరకు ఈ పనిలో అగ్రస్థానం ఇచ్చింది. ఒక పాలు పప్పుకు పద్దెనిమిది పాళ్ల నీరు అనే కొలత తరువాతి వైద్య గ్రంథాలలో కనిపిస్తుంది, ఇది పైన చెప్పిన పన్నెండు రెట్ల పప్పుచారు కంటె పలుచన. పెసరపప్పు నానకుండానే ఇరవై నిమిషాలలో ఉడుకుతుంది, కడుపు ఉబ్బరం కూడా మిగతా పప్పుల కంటె తక్కువ చేస్తుంది. కొద్దిగా వేయించి ఉడికిస్తే కమ్మని వాసన వస్తుంది. మిరియాలు, జీలకర్ర, అల్లం దంచి వేసి, ఒక పొంగు రాగానే దించితే జ్వరం నుంచి లేచిన మనిషి కూడా రెండో గ్లాసు అడుగుతాడు.

ఉలవచారును చౌక వంటకాల పట్టీలో చేర్చడంలో కొంత మోసం ఉంది. ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టే రైతు ఇంట్లో, ఎలాగూ మండుతున్న కట్టెల పొయ్యి మీద, ఎలాగూ మిగిలే నీటితో ఇది పుట్టింది. కృష్ణా జిల్లాలో దానికి వచ్చిన ఖ్యాతి ఆ నేపథ్యం మీద నిలిచింది. ఎడ్లు పోయి గ్యాసు సిలిండరు వచ్చాక, రెండు మూడు గంటలు మరిగించే చారు పేదవంట కాదు. హోటళ్లలో దాని మీద తెల్లగా మీగడ పోసి అమ్మడం మొదలైన తరువాత ఇక చెప్పేదేమీ లేదు. ఇంట్లో చేసుకోవాలనుకుంటే పావు కిలో ఉలవలను రాత్రంతా నానబెట్టి, అదే నీటితో కుక్కర్‌లో పదీ పన్నెండు విజిళ్లు రానిచ్చి, నీటిని వడకట్టి, గుప్పెడు ఉడికిన ఉలవలను రుబ్బి అందులోనే కలపాలి. రుబ్బిన ముద్ద చిక్కదనాన్ని ఇస్తుంది కాబట్టి గంటల తరబడి కాచడం తప్పుతుంది. మిగిలిన ఉలవలకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్లు సిద్ధం.

పోషణ లెక్కను నిక్కచ్చిగా వేయడం అవసరం. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఐదుగురికి పంచితే తలా నాలుగున్నర గ్రాములు. 1918లో కూనూరులో ఆరంభమై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునే మనిషికి 85 గ్రాముల పప్పుధాన్యాలు కావాలని సూచించింది. పైన చెప్పిన పప్పుచారులో మనిషి వాటాకు వచ్చేది 20 గ్రాములు, అంటే అందులో నాలుగో వంతు కంటె తక్కువే. కనుక చారు ఉన్న పూట పప్పు తిన్నట్టే అన్న లెక్క నిలవదు. అదే రోజు పొద్దున పెసరట్టో, సాయంత్రం గుగ్గిళ్లో, రాత్రి పప్పుకూరో తోడు కావాలి. అన్నంతో కలవడం వల్ల చారుకు ఒక లాభం మాత్రం నిజంగా ఉంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో ఏర్పడతాయి; వాటిలో లైసీన్ బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ, బియ్యంలో ఎక్కువ కాబట్టి రెండూ ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి. 2015 నుంచి తెలంగాణ అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు అందిస్తున్న ఆరోగ్యలక్ష్మి భోజనంలోనూ గుడ్డు, పాలతో పాటు అన్నం, పప్పు కలిసే ఉంటాయి.

తొందరగా ఉడకాలి, ఖర్చు తగ్గాలి అనుకునేవారికి మసూర్ పప్పు, అంటే ఎర్రపప్పు, మంచి ప్రత్యామ్నాయం. పశ్చిమాసియాలో దాదాపు పది వేల ఏళ్ల క్రితం సేద్యానికి లొంగిన ఈ గింజతోనే ఈజిప్టు, లెబనాన్ ఇళ్లలో జీలకర్ర, నిమ్మరసం వేసిన సూప్ కాస్తారు. కందిపప్పు అలవాటు పడిన నాలుకకు దీని రుచి కొంత చప్పగా తోస్తుంది. సగం కంది, సగం మసూర్ కలిపితే తేడా తెలియదు, గ్యాసు మాత్రం మిగులుతుంది.

చౌకగా విడిగా అమ్మే కందిపప్పులో లంకపప్పు కలిసే అవకాశం ఉంది కాబట్టి కొనేటప్పుడు ఒక గుప్పెడు తీసి చూడాలి. కందిబద్ద ఒకవైపు గుండ్రంగా నునుపుగా ఉంటే, లంకపప్పు గొడ్డలి మొనలా అంచులు తేరి పలకగా ఉంటుంది. అందులోని విషపదార్థం నెలల తరబడి ఒంటికి చేరితే కాళ్లు చచ్చుబడే లాథిరిజం అనే వ్యాధి వస్తుందని తేలడంతో దాని అమ్మకాన్ని 1961లో నిషేధించారు. గిన్నె విషయంలోనూ జాగ్రత్త కావాలి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగిని, ఇత్తడిని, అల్యూమినియాన్ని కరిగిస్తుంది కాబట్టి, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాచకూడదు, సత్తు గిన్నెలో కాచినా రాత్రంతా అందులోనే ఉంచకూడదు; స్టీలు గిన్నెలోకో మట్టికుండలోకో మార్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు తినే ముందు అడుగు దాకా కలుపుతూ పూర్తిగా పొంగు వచ్చేలా మరిగించాలి.